సోలెడు అంటే ఎన్ని గ్రాములు?

యూట్యూబ్‌లో వంటలు చెప్పేవాళ్ళ మీద నాకు ఒకే ఒక్క కోపం. "ఒక కప్పు శనగపిండి తీసుకోండి" అంటారు, అక్కడితో ఊరుకుంటారు. ఏ కప్పండీ? మా ఇంట్లో చాయ్ తాగే కప్పు చూస్తే గుక్కెడు పడుతుంది. కొలత కప్పుల సెట్టు కొందామంటే పెద్ద కప్పు 240 మిల్లీలీటర్లని ఒక కంపెనీ, 250 అని ఇంకో కంపెనీ. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. ఈ 180 మన లెక్క కాదు, "గో" అని జపాన్ వాళ్ళ పాత బియ్యం కొలత. కుక్కర్లు అక్కడ పుట్టాయి కాబట్టి కప్పు కూడా వాటితో పాటే వచ్చేసింది. మన సోల, తవ్వ అటక మీదికెక్కి, జపాన్ వాళ్ళ పాత కొలత మన బియ్యం డబ్బాలో దిగిందన్నమాట. నాకైతే భలే నవ్వొస్తుంది.

సరే, కప్పు ఏదో తేలిందే అనుకుందాం. కుప్పగా పోయాలా, అంచుకు సమంగా వేలితో తుడిచెయ్యాలా? అమెరికాలో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో వేసిన వంటల పుస్తకంలో కప్పైనా చెంచా అయినా అంచుకు సమంగా ఉండాలని పట్టుబట్టింది. ఇన్నేళ్ళ తర్వాత మన వీడియోల్లో చెంచా నిండి పొర్లిపోతుంటే "ఒక స్పూన్ కారం" అంటున్నారు. ఆ పొర్లిపోయేది ఇంకో స్పూనుంటుంది.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు సంక్రాంతి ముందు ఫోన్ చేసింది. సకినాలు చేస్తుందట. వాళ్ళ అమ్మమ్మను, అంటే మా అమ్మను, కొలత అడిగితే "నాలుగు సోలల బియ్యానికి సోలెడు నువ్వులు" అని చెప్పిందట. "సోలెడు అంటే ఎన్ని గ్రాములు అమ్మమ్మా" అంటే "సోలెడు అంటే సోలెడే బిడ్డా" అందట. ఇక పెద్దమ్మకు ఫోన్ రాక తప్పుతుందా!

పిల్ల అప్పటికే ఒక లెక్క వేసుకుంది. నాలుగుకు ఒకటి కదా, కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు. వినడానికి సరిగ్గానే ఉంది. కానీ సోల గిన్నె కొలత, కిలో తూకం. గిన్నె నిండా బియ్యం పోస్తే ఒక బరువు, అదే గిన్నె నిండా నువ్వులు పోస్తే ఇంకో బరువు. పావు లీటరు పట్టే గిన్నెలో బియ్యం దాదాపు 200 గ్రాములు వస్తాయి, నువ్వులు 150 దగ్గర ఆగిపోతాయి. అమ్మ చెప్పిన నాలుగుకొకటి ప్రకారం కిలో బియ్యానికి నువ్వులు 190 గ్రాములకు లోపే. పావుకిలో పోస్తే మూడో వంతు ఎక్కువ పోసినట్టు. పిండికి పట్టు తగ్గి, చేతిలో చుట్టేటప్పుడే తీగ తెగడం మొదలవుతుంది. అప్పుడు "అమ్మమ్మ కొలత కుదరలేదు" అంటారు. అమ్మమ్మ కొలత కుదిరింది తల్లీ, కుదరనిది నువ్వు చేసిన మార్పిడి.

కొలతను తూకంలోకి మార్చాలంటే మధ్యలో వస్తువు పేరు చెప్పి తీరాలి. కప్పుకు ఇన్ని గ్రాములని విడిగా ఒక లెక్క ఉండదు. మా ఇంట్లో కూరగాయల తూకానికి తెచ్చుకున్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంది. పావు లీటరు కప్పు దాని మీద పెట్టి ఒక్కోటీ పోసి చూశాను. బియ్యం, కందిపప్పు, చక్కెర మూడూ అటూ ఇటూగా 200 గ్రాములు. బొంబాయి రవ్వ 170. పొడి బియ్యప్పిండి 155. గోధుమపిండి 130. మైదా 125. శనగపిండి ఇంకా తక్కువ, జల్లెడ పడితే 110కి దిగింది. సన్న ఉప్పు మాత్రం 300 పలికింది. ఒకే గిన్నె చూడండి, 110 నుంచి 300 దాకా! కిలో బియ్యమంటే ఐదు కప్పులు, కిలో మైదా అంటే ఎనిమిది కప్పులు. మీ ఇంట్లో కొద్దిగా తేడా రావచ్చు, గింజ రకాన్ని బట్టి, తేమను బట్టి మారుతుంది.

ఎందుకిలా అంటే గింజల మధ్య గాలి. నీళ్ళకు ఆ గొడవ లేదు, లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. అందుకే మనకు లీటరంటే కిలో అనే అలవాటు బుర్రలో పాతుకుపోయింది. పిండిలో గాలి ఎక్కువ, అదీ పూటకోలా ఉంటుంది. గిర్ని నుంచి వేడివేడిగా తెచ్చిన గోధుమపిండి డబ్బాలో పోస్తే మూతకు తగులుతుంది. రెండు రోజులయ్యాక చూస్తే నాలుగు వేళ్ళు కిందికి కూర్చుని ఉంటుంది. ఎవరూ తియ్యలేదు, పిండి సర్దుకుంది, అంతే. మొదటి రోజు కప్పులో పట్టే పిండి వేరు, మూడో రోజు పట్టే పిండి వేరు. కేకులు చేసేవాళ్ళు గ్రాములు గ్రాములు అని ప్రాణం తీస్తారని నవ్వుకుంటాం గానీ వాళ్ళ బాధ ఇదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మరపట్టిస్తే బరువు మారదు, కొలత మారుతుంది. కిలో బియ్యం గిర్నికి తీసుకుపోతే రాళ్ళకు అంటుకున్న కాస్త పోను మళ్ళీ కిలో పిండే వస్తుంది, కానీ ఐదు కప్పులు కాస్తా ఆరున్నర అవుతుంది. నానబెడితే మాత్రం బరువూ మారుతుంది, కొలతా మారుతుంది. అందుకని సకినాలకైనా అరిసెలకైనా మన పెద్దవాళ్ళు ఎప్పుడూ పొడి బియ్యం మీదే కొలత చెప్పారు, తడిపిండి మీద చెప్పలేదు. ప్యాకెట్ పిండి తెచ్చుకుని "నాలుగు కప్పుల పిండి" అని మొదలుపెట్టినవాళ్ళు అక్కడే దారి తప్పుతారు. బెల్లం సంగతి చూడండి, దాన్ని ఎవరూ గిన్నెతో కొలవలేదు. బియ్యానికి మానిక, బెల్లానికి వీశె. వీశె అంటే 120 తులాలు, కిలో 400 గ్రాములు. ఒకే వంటలో గింజలకు గిన్నె, గడ్డకు తక్కెడ. దేన్ని కొలవాలో దేన్ని తూచాలో చదువుకోని ఆడవాళ్ళకు అంత తేటగా తెలుసు.

నేను డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన భాషలో కొలత చివర "ఎడు" ఒకటుంటుంది. అది తగిలిస్తే ఏదైనా గిన్నె అయిపోతుంది. సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు సరే. గుప్పెడు, పిడికెడు, దోసెడు, చిటికెడు అంటే చెయ్యే గిన్నె. కళ్ళు చారెడు, పొట్ట జానెడు, ఆశ గంపెడు, చాకిరి బండెడు. దుఃఖం వస్తే పుట్టెడు. పుట్టి అంటే ఇరవై తూములు మరి, అంత దుఃఖం ఇంట్లో పట్టదు. కిలో దుఃఖం అని ఎవరూ అనరు. మన మనసు గిన్నెల్లో ఆలోచిస్తుంది, అంగడి కిలోల్లో అమ్ముతుంది. వంటింట్లో సగం తికమక ఇక్కడిదే.

అలాగని పాత కొలతలు బంగారం, కిలోలొచ్చి పాడుచేశాయి అనే పాట నేను పాడను. లెక్కకు బాగానే ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. చెయ్యి మీద రెట్టింపులతో నడిచిపోయే లెక్క. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టడం నా చిన్నప్పుడు కల్లంలో నేను విన్నదే. కానీ ఏ ఊరి మానిక ఆ ఊరిదే. మా పెద్దవాళ్ళు ఇంకో మాట కూడా చెప్పేవారు, దొర ఇంట్లో గింజలు తీసుకునే మానిక వేరు, కూలికి కొలిచి ఇచ్చే మానిక వేరు అని. రెండూ పేరుకు మానికే. పైగా తీసుకునేటప్పుడు కుప్పగా, ఇచ్చేటప్పుడు చేత్తో తుడిచి. పొద్దంతా కలుపు తీసిన ఆడమనిషి కొంగులో పడే జొన్నలు ఆ చెయ్యి తుడిచే తీరును బట్టి ఉండేవి. ఆ చెయ్యిని ఆపడానికే కదా దేశమంతటికీ ఒకే తూకం కావాల్సి వచ్చింది. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు మొదలయ్యాయి. దానికి ముందు సంవత్సరమే నయా పైసలు. అణాలు, శేర్లు వరుసగా పోతుంటే పాపం అంగట్లో ముసలివాళ్ళు ఎంత తిప్పలు పడ్డారో.

శేరుదైతే మరీ చిత్రం. శేరు తూకమూ ఉంది, శేరు గిన్నె కూడా ఉంది. తూకం శేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. ఇప్పటికీ మా చేవెళ్లలో పెద్దవాళ్ళు "పావుశేరు మిరపకాయలు ఇయ్యి" అంటారు. అంగడివాడు పావుకిలో తూచి ఇస్తాడు. అసలు పావుశేరు 233 గ్రాములే, ముసలమ్మకు 17 గ్రాములు లాభం. తులం బంగారంలో మాత్రం ఇదే లెక్క తిరగబడింది. పాత తులం 11 గ్రాముల 66, ఇప్పుడు తులమంటే నికరంగా పది గ్రాములు. మిరపకాయల్లో ఇచ్చి బంగారంలో తీసుకున్నారు!

వంటల్లో తేడా వస్తే సకినం తెగుతుంది, పోనీ అనుకోవచ్చు. అన్నం దగ్గర అలా అనుకోలేం. సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు అని నిబంధన. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు 150, 30. కాగితం మీద గ్రాములే. వండేది మహిళా సంఘం అక్కలు, వాళ్ళ చేతిలో ఉండేది డబ్బా. అరవై మంది చిన్నపిల్లలు వచ్చారనుకోండి, ఆరు కిలోలు కావాలి. లీటరు డబ్బా ఉంటే లీటరు కిలో అనే అలవాటుతో ఆరు డబ్బాలు పోస్తే పొయ్యి మీదికెక్కేది 4 కిలోల 800 మాత్రమే. తగ్గింది కిలో రెండు వందలు. అంటే పన్నెండు మంది పిల్లల అన్నం. ఎవరూ దొంగిలించలేదు, ఎవరి మనసులోనూ పాపం లేదు, డబ్బాలో గింజల మధ్య గాలి తినేసింది. ఏడున్నర డబ్బాలు పొయ్యాలి. ఇది ఫలానా బడిలో జరిగిందని నేను చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాను. గోడ మీద ఒక వరుస రాస్తే చాలు: ఈ డబ్బాతో బియ్యం ఇన్ని గ్రాములు, పప్పు ఇన్ని గ్రాములు, ఇంత మందికి ఇన్ని డబ్బాలు. పథకం వివరాలు గోడల మీద ఎన్నో రాస్తారు, ఇదొక్కటి కూడా రాయొచ్చు. వండే అక్కకు పెద్ద పని తప్పుతుంది, లెక్క అడిగేవాళ్ళకూ జవాబు దొరుకుతుంది.

రేషన్ బియ్యం కూడా ఇంతే. మనిషికి నెలకు ఆరు కిలోలు. ఇంట్లో వండేది కుక్కర్ కప్పుతో. ఆ 180 కప్పులో బియ్యం 150 గ్రాములు పడతాయి కాబట్టి ఆరు కిలోలంటే సరిగ్గా నలభై కప్పులు. నలుగురున్న ఇంటికి నూట అరవై. రోజుకు ఐదు కప్పులు వండితే నెల దాటుతుంది, ఆరు వండితే ఇరవై ఆరో తారీఖు దాటాక డబ్బా అడుగు కనిపిస్తుంది. "ఈ నెల బియ్యం తొందరగా అయిపోయినయి" అనుకునే ఇళ్ళల్లో చాలాసార్లు ఆ ఆరో కప్పే కారణం.

కొనేటప్పుడు ఎటూ తూకమే. కాకపోతే మొయినాబాద్ రోడ్డు మీద కూరగాయలు అమ్మే అమ్మలు టమాటాలు కుప్ప లెక్కన, ఆకుకూర కట్ట లెక్కన, సీతాఫలాలు బుట్ట లెక్కన ఇస్తారు. బేరం కంటితో, తూకం లేదు. నాకు అది ఇష్టమే, మన కళ్ళెదుటే ఉంది కాబట్టి మోసమనేది ఉండదు. పూలు వేరే. మా వైపు చామంతులు, గులాబీలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి, అక్కడ కిలోల్లో తూకం. వాన పడ్డ రోజు తడిసిన పూలు బరువు తూగుతాయి, ధర మాత్రం పడిపోతుంది. రైతుకు ఆ బరువు కలిసొచ్చేదేమీ ఉండదు. ఇక ఐస్‌క్రీమ్ డబ్బా మీద ఎంత ఉందో ఎప్పుడైనా చదివారా? మిల్లీలీటర్లు ముందు కనబడతాయి. అందులో గాలి కొట్టి పొంగిస్తారు. లీటరుకు 525 గ్రాములకు తగ్గకుండా ఉంటే చాలని నిబంధన. లీటరు కొన్నామని సంబరపడి అర కిలో తింటాం.

వంటింట్లో కాటా ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు అన్నదాని మీద నా అభిప్రాయం గట్టిగానే ఉంది. దోసెలకు అక్కర్లేదు. మూడు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినప్పప్పు అంటే గ్లాసు ఏదైనా పరవాలేదు, అన్నిటికీ అదే గ్లాసు అయితే చాలు. అన్నానికి నీళ్ళు కూడా అంతే. కూరలకు చెయ్యే కాటా. అందులో ఉప్పు ఎంతో చెప్పమంటే నేనూ "తగినంత" అనే అంటాను, రుచి చూసి మళ్ళీ వేసుకునే అవకాశం ఉంది కదా.

ఆవకాయ అలా కాదు. కలిపేశాక ఏడాది దాకా అదే. ఉప్పు తగ్గితే బూజు, పెరిగితే నోట పెట్టలేం. అక్కడ కొలత చెప్పేవాళ్ళు ఉప్పు ఏదో చెప్పాలి. మా అత్తమ్మ కాలంలో దొడ్డుప్పు ఎండబెట్టి దంచి, ఆ దంచిన ఉప్పునే గిన్నెతో కొలిచేవాళ్ళు. దంచిన ఉప్పు ఎగుడుదిగుడుగా ఉంటుంది, మధ్యలో సందులుంటాయి. ఇప్పటి ప్యాకెట్ ఉప్పు ఇసకలా సన్నగా గిన్నెలో దట్టంగా కూర్చుంటుంది. గిన్నె అదే, ఉప్పు బరువు పెరుగుతుంది. ఇంట్లో దంచిన కారం, మిషన్‌లో పట్టించి ప్యాకెట్‌లో నొక్కిన కారం కూడా అంతే తేడా. ఈ రెండు తేడాలూ ఒకే జాడీలో పడితే "ఈసారి చెయ్యి కలిసిరాలేదు" అని ఇంటి ఆడమనిషి మీద పెడతారు. చెయ్యిదేం తప్పు లేదు. ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి అన్నీ ఒకసారి తూచి రాసిపెట్టుకుంటే పైసంవత్సరం ప్యాకెట్ మారినా భయం ఉండదు. బీపీ ఉన్న ఇళ్ళకు ఇది మరీ అవసరం. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సన్న ఉప్పు అంచుకు సమంగా ఒక టీస్పూను పోస్తే అప్పటికే అంత అయిపోతుంది.

"మన అమ్మలు కాటాలు పెట్టుకునే వండారా" అని నా మీదికి వచ్చేవాళ్ళున్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. నిజమే, పెట్టుకోలేదు. కానీ వాళ్ళకు నలభై ఏళ్ళు అదే సోల, అదే పొలం బియ్యం, అదే రోలు, అదే ఉప్పు. గిన్నె మారనప్పుడు గ్రాములతో పనేముంది? మనకు ఇల్లు మారింది, గిన్నె మారింది, బియ్యం బస్తా నెలకో బ్రాండు. ఆ కొలత మన దాకా రావాలంటే ఎవరో ఒకరు దాన్ని తూచి రాయాలి. అమ్మమ్మ బతికుండగానే రాయాలి. వీడియోలు చేసే అమ్మాయిలకు కూడా నేను చెప్పేది ఇదే. మీ కప్పుతోనే చెయ్యండి, కాకపోతే ఎన్ని మిల్లీలీటర్ల కప్పో ఒక్కసారి చెప్పండి, పిండి అయితే గ్రాములు కూడా చెప్పండి. అర నిమిషం పని.

పాత గిన్నె ఎంత పడుతుందో తెలుసుకోవడం ఎంత తేలికో చెబుతాను. ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. అంచు దాకా నీళ్ళు పొయ్యండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. పిల్ల ఫోన్ చేసిన మర్నాడు నేను అదే చేశాను. చేవెళ్లలో మా అత్తమ్మ ఇత్తడి సోల 290 వచ్చింది. మొయినాబాద్ దగ్గర మా అమ్మగారింటికి పోయినప్పుడు వాళ్ళ సోల కొలిస్తే 340. ఇరవై కిలోమీటర్లు కూడా లేని రెండు ఊర్లలో రెండు సోలలు! పెళ్ళైన కొత్తలో అమ్మ చెప్పిన కొలతతో అత్తగారింట్లో ఏది చేసినా "మీ వైపు ఇంత ఎక్కువ వండుతారా" అని అత్తమ్మే అనేది. ఆ మాటకు, ఈ సోలలకు పొంతన ఎక్కడా కుదరదు, అమ్మ సోలే పెద్దది, అత్తమ్మ సోలతో కొలిస్తే తక్కువ వండాలి కదా. అది వేరే కథ, కొలతల్లోకి రాదు.

పిల్లకు మెసేజ్ పెట్టాను. అమ్మమ్మ సోలతో నాలుగు సోలల బియ్యమంటే కిలో తొంభై గ్రాములు, సోలెడు నువ్వులంటే 200 గ్రాములు. బియ్యం నానబెట్టక ముందే తూచుకో, ప్యాకెట్ పిండైతే అదే కిలో తొంభై గ్రాములు తూచుకో, కప్పులతో కొలవకు. వాము ఎంత అని అడిగింది. అమ్మను అడిగి చెప్పాను, పిడికెడు.